సీపీ అబద్ధం చెప్పలేదు, నేనే వినలేదు

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మన క్లబ్ ఉగాది కవి సమ్మేళనం ఆడియోలు పోయింది ల్యాప్‌టాప్ పాడై కాదు. వాట్సాప్ గ్రూపులో అలా చెప్పింది నేనే. ల్యాప్‌టాప్ శుభ్రంగా ఉంది. పోగొట్టింది నేను, నేను రాసిన ఒక్క లైను.

జరిగింది ఇది. క్లబ్ ల్యాప్‌టాప్‌లో జాగా అయిపోయింది. ఫెస్ట్ వీడియోలు ఎడిట్ చేయాలి. పాత ఆడియోలు పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ల్యాప్‌టాప్‌లోంచి తీసేయమన్నారు సీనియర్లు. మొత్తం పదిహేడు ఫైళ్లు. మౌస్‌తో లాగితే సీఎస్ఈ వాడి పరువేం కావాలి? టర్మినల్ తెరిచాను. ముందు సీపీ, అంటే ఫైళ్లను కాపీ చేసే కమాండ్. దాని తర్వాత సెమికోలన్. ఆ తర్వాత ఆర్‌ఎమ్, అంటే ఫైళ్లను చెరిపేసే కమాండ్. పైగా స్క్రీన్ నీట్‌గా ఉండాలని ఎర్రర్ మెసేజ్‌లన్నిటినీ /డెవ్/నల్‌లోకి పంపేశాను. అది లైనక్స్‌లో ఒక అడుగులేని బావి లాంటిది, అందులో పడిందేదీ పైకి రాదు. ఎంటర్ కొట్టాను. పెన్‌డ్రైవ్‌లో పేర్లు లెక్కపెట్టాను. పదిహేడు ఉన్నాయి. అయిపోయిందన్నాను.

నెల రోజుల తర్వాత ఒక సీనియర్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, బాబాయ్ పద్యాలు నాలుగు నిమిషాలకే ఆగిపోతున్నాయేంట్రా? దాని తర్వాతవి అసలు ఓపెనే అవట్లేదు."

"లేదన్నా, నేను చెక్ చేశా కదా" అన్నాను. నేను చెక్ చేసింది పేర్లు. సైజులు చూడలేదు.

పెన్‌డ్రైవ్‌లో ఎవరివో రెండు సినిమాలు ముందే ఉన్నాయి. పన్నెండు ఫైళ్లు పూర్తిగా పట్టాయి. పదమూడోది సగంలో ఉండగా జాగా అయిపోయింది. మిగతా నాలుగింటికి పేర్లు మాత్రం పడ్డాయి, లోపల సున్నా బైట్లు. సీపీ ముందు గమ్యం ఫైలును తెరిచి, ఆ తర్వాత అందులో రాస్తుంది. తెరవడానికి జాగా అక్కర్లేదు, రాయడానికి కావాలి. అందుకే లెక్క సరిపోయింది, సరుకు లేదు.

ఆ పదమూడో ఫైలు మన మెస్‌లో వంట చేసిన బాబాయ్ పాడిన హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు. ఆయన ఊళ్లో నాటకాలు ఆడినవాడని ఆ రోజు దాకా మనలో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఆయన మెస్ మానేసి వెళ్లిపోయాడు. వేరే కాపీ ఎవరి దగ్గరా లేదు. ల్యాప్‌టాప్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపి చూశాం. ఆ జాగాలో అప్పటికే ఫెస్ట్ వీడియోలు కూర్చున్నాయి.

కోపం మొదట సీపీ మీద వచ్చింది. జాగా లేనప్పుడు చెప్పొద్దా? తర్వాత తెలిసింది, అది చెప్పింది. ఐదుసార్లు చెప్పింది, ఫైలుకు ఒకసారి. ఆ ఐదు మాటల్నీ నేనే బావిలో వేశాను.

ఆ వారం మొత్తం కూర్చుని ఒక పని చేశాను. సీపీ, ఎమ్‌వీ అనే ఈ రెండు చిన్న కమాండ్లను కావాలని ఇబ్బంది పెట్టాను. ఎక్కడ ఏం చేస్తాయో, ఏం చెప్తాయో చూశాను. ఈ వ్యాసం దాని గురించే. చదివాక నాతో గొడవ పడాలనిపిస్తే పడండి, నా అభిప్రాయం మాత్రం ఇది: మనం ప్రోగ్రామ్‌లు రాయడం నేర్చుకుంటున్నాం కానీ, అవి చెడిపోయినప్పుడు ఏం చేయాలో నేర్చుకోవట్లేదు. తప్పు మన సిలబస్‌లో కొంత ఉంది, మన అలవాటులో ఎక్కువ ఉంది.

ముందు ఒక చిన్న విషయం. యూనిక్స్ సంప్రదాయంలో పని సవ్యంగా జరిగితే కమాండ్ ఏమీ మాట్లాడదు. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఇక్కడ పూర్తి అంగీకారమే. అయితే మౌనంగా ఉన్నా లోపల ఒక అంకె వదిలి వెళ్తుంది. దాన్ని ఎగ్జిట్ స్టేటస్ అంటారు. సున్నా అయితే అంతా బాగు. సున్నా కాకపోతే ఎక్కడో చెడింది. కమాండ్ అయిపోగానే ఎకో అని కొట్టి, పక్కన $? పెడితే ఆ అంకె కనిపిస్తుంది. నేను రెండేళ్లుగా లైనక్స్ వాడుతున్నాను. ఆ వారం దాకా ఆ అంకెను ఒక్కసారి కూడా అడగలేదు.

మొదటి పరీక్ష చాలా తేలిక, మీరూ ఇప్పుడే చేయొచ్చు. లైనక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక ఫైలు ఉంటుంది. నిజానికది ఫైలు కాదు, ఎప్పుడూ నిండిపోయి ఉన్నట్టు నటించే డివైస్. దాంట్లోకి ఏం రాయబోయినా కెర్నెల్ "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటుంది. ఏ ఫైలునైనా సీపీతో దాంట్లోకి కాపీ చేయండి. సీపీ వెంటనే రాయలేకపోయానని చెప్తుంది, ఎగ్జిట్ స్టేటస్ 1 వస్తుంది. నూటికి నూరు మార్కులు.

రెండో పరీక్ష. ఐదు ఫైళ్లున్న ఫోల్డర్‌లో ఒకదానికి చదివే అనుమతి తీసేశాను. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయమన్నాను. సీపీ ఆ ఒక్కదాని దగ్గర ఆగిపోలేదు. దాని మీద ఫిర్యాదు చేసి, మిగతా నాలుగూ కాపీ చేసి, చివర్లో 1 ఇచ్చింది. అంటే 1 వస్తే "ఏమీ జరగలేదు" అని కాదు, "అంతా జరగలేదు" అని. ఈ తేడా ముఖ్యం. ఇంకో మాట, ఈ పరీక్షను సూడోతో చేయకండి. రూట్ యూజర్‌కు ఈ అనుమతులు అడ్డు రావు, అన్నీ పాసైనట్టు కనిపిస్తాయి. నేను మొదటిసారి అలాగే చేసి అరగంట బుర్ర గోక్కున్నాను.

మూడోది భయపెట్టింది. మెమరీలోనే ఒక మెగాబైటు సైజున్న చిన్న ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేశాను. టీఎమ్‌పీఎఫ్ఎస్ అనే రకంతో ఒక్క కమాండ్‌లో అయిపోతుంది. అందులో "నోట్స్" అని రెండు లైన్ల ఫైలు పెట్టాను. ఇప్పుడు బయటి నుంచి మూడు మెగాబైట్ల ఫైలును అదే పేరుతో దాని మీదికి కాపీ చేశాను. సీపీ నిజాయితీగానే జాగా లేదంది, 1 ఇచ్చింది. కానీ నా పాత రెండు లైన్లు పోయాయి. వాటి చోట కొత్త ఫైలు ముక్క మిగిలింది. ఎందుకంటే సీపీ ఉన్న ఫైలు మీద రాసేటప్పుడు ముందు దాన్ని ఖాళీ చేసి, తర్వాత నింపడం మొదలుపెడుతుంది. నింపలేకపోతే పాతదాన్ని తిరిగి తేలేదు. ఎర్రర్ చెప్పడం వేరు, నష్టం జరగకుండా చూడటం వేరు.

ఇక ఎమ్‌వీ, అంటే ఫైలును జరిపే కమాండ్. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో జరిపితే అది డేటాను ముట్టుకోదు, రీనేమ్ అనే సిస్టమ్ కాల్‌తో పేరు మాత్రం మారుస్తుంది. పది జీబీ ఫైలైనా రెప్పపాటులో అయిపోతుంది. అదే ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌కైతే రీనేమ్ కుదరదు, కెర్నెల్ ఒప్పుకోదు. అప్పుడు ఎమ్‌వీ తనే కాపీ చేసి, ఆ తర్వాత అసలు ఫైలును చెరిపేస్తుంది. చూడటానికి అచ్చం నా లైను లాగే ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. నా మూడు మెగాబైట్ల ఫైలును ఆ చిన్న ఫైల్‌సిస్టమ్‌లోకి ఎమ్‌వీ చేశాను. జాగా లేదంది. వెనక్కి వెళ్లి చూస్తే అసలు ఫైలు ఉన్నచోటే ఉంది. కాపీ పూర్తయితేనే చెరుపుతుంది, లేకపోతే ముట్టుకోదు.

ఇది చూశాక కాసేపు ఏమీ చేయలేకపోయాను. ఎందుకంటే ఆ రోజు నేను ఎమ్‌వీ వద్దని సీపీ, ఆర్‌ఎమ్ విడివిడిగా రాసింది "సేఫ్" అని. ఒక్క ముక్కలో ఎమ్‌వీ కొట్టి ఉంటే పన్నెండు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేవి, ఐదు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయేవి. పోనీ, సెమికోలన్ బదులు && పెట్టినా బాబాయ్ పద్యాలు బతికేవి. సెమికోలన్ అంటే "ముందుది ఏమైనా సరే, తర్వాతది చేయి". && అంటే "ముందుది సవ్యంగా అయితేనే తర్వాతది చేయి". కీబోర్డ్ మీద తేడా ఒక్క అక్షరం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన ఓఎస్ ల్యాబ్‌లో సీపీ లాంటి కమాండ్‌ను సీ భాషలో మనమే రాసే ప్రయోగం ఉంది. ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ కాల్స్‌తో. మీలో చాలామంది రికార్డులో రాసే ఉంటారు. నాది తీసి అవే పరీక్షలు పెట్టాను.

/డెవ్/ఫుల్‌లోకి కాపీ చేయమన్నాను. "ఫైల్ కాపీడ్ సక్సెస్‌ఫుల్లీ" అంది.

అసలు లేని ఫైలును కాపీ చేయమన్నాను. "ఫైల్ కాపీడ్ సక్సెస్‌ఫుల్లీ" అంది. పైగా గమ్యంలో ఖాళీ ఫైలు ఒకటి తయారు చేసి పెట్టింది.

అనుమతి లేని ఫైలుతోనూ అదే మాట.

కారణం చాలా సింపుల్. ఓపెన్ విఫలమైతే మైనస్ ఒకటి వస్తుంది. నేను దాన్ని చూడలేదు. దాన్నే రీడ్‌కు ఇస్తే అదీ మైనస్ ఒకటి ఇచ్చింది. నా లూప్ "సున్నా కంటే ఎక్కువ వచ్చినంతసేపూ తిరుగు" అని కదా, ఒక్కసారి కూడా తిరక్కుండా బయటికొచ్చి సంబరంగా సక్సెస్ ప్రింట్ చేసింది. రైట్ ఎన్ని బైట్లు రాసిందో అడగలేదు. క్లోజ్ ఏం చెప్పిందో వినలేదు. క్లోజ్ కూడా ఎర్రర్ ఇస్తుందా అనకండి. నెట్‌వర్క్ మీద ఉండే ఫైల్‌సిస్టమ్‌లలో, డిస్క్ కోటా ఉన్న చోట్ల రాయలేకపోయిన సంగతి కొన్నిసార్లు క్లోజ్ దగ్గరే బయటపడుతుంది. అసలు సీపీ దాన్ని కూడా చూస్తుంది. ఎస్‌ట్రేస్ అనే టూల్‌తో క్లోజ్‌కు దొంగ ఎర్రర్ ఇప్పించి చూశాను. క్లోజ్ చేయలేకపోయానని నిజాయితీగా చెప్పింది.

ఆ ప్రయోగానికి నాకు ఫుల్ మార్కులు వచ్చాయి. మేడమ్‌ది తప్పు కాదు. అడిగింది ఒక శాంపిల్ ఇన్‌పుట్, ఒక శాంపిల్ అవుట్‌పుట్. రెండూ సరిపోయాయి. అంటే ఆ ప్రోగ్రామ్ ఎప్పుడూ నిజమే చెప్తుందని ఎవరూ పరీక్షించలేదు, ఒక్కసారి నిజం చెప్పడం మాత్రం చూశారు.

అంతెందుకు, ఫస్టియర్‌లో మనం మొట్టమొదట రాసిన హలో వరల్డ్ ప్రోగ్రామే తీసుకోండి. దాని అవుట్‌పుట్‌ను /డెవ్/ఫుల్‌లోకి మళ్లించి $? అడగండి. ఒక్క అక్షరం కూడా ఎక్కడా పడలేదు. స్టేటస్ మాత్రం సున్నా. మన మొదటి ప్రోగ్రామే మనకు అబద్ధం చెప్పింది, మనం చప్పట్లు కొట్టాం.

ఇది మన కాలేజీ సమస్య మాత్రమే కాదు. 2008లో కొందరు పరిశోధకులు లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌ల, డిస్క్ డ్రైవర్ల కోడ్‌లో ఎర్రర్ కోడ్‌లు ఎటు వెళ్తున్నాయో వెతికారు. చూసిన 9,022 కాల్స్‌లో 1,153 చోట్ల, అంటే దాదాపు 13 శాతం, ఎర్రర్‌ను సరిగ్గా అందుకోకుండా మధ్యలోనే జారవిడుస్తున్నారని తేలింది. 2014లో టొరంటో యూనివర్సిటీ వాళ్లు కాసాండ్రా, రెడిస్ లాంటి ఐదు పెద్ద సిస్టమ్‌లలో జరిగిన 198 వైఫల్యాలు తీసుకుని చదివారు. వాటిలో మొత్తం సిస్టమ్‌నే ముంచేసినవాటిలో 92 శాతానికి కారణం, ప్రోగ్రామ్‌కు ముందే తెలిసిన ఎర్రర్‌ను సరిగ్గా పట్టించుకోకపోవడం. ఎర్రర్ వచ్చినప్పుడు నడిచే కోడ్‌ను మామూలుగా పరీక్షించినా 58 శాతం ముందే దొరికేవట. ఆ 58 శాతంలో ఒక చిన్న ముక్క నాదీ అనిపించింది.

నా రూమ్మేట్ ఈ మాటలన్నీ విని, "రేయ్, సీపీని ప్రపంచమంతా వాడుతోంది, దాన్ని నువ్వు టెస్ట్ చేయడమేంటి? ఇప్పుడన్నీ క్లౌడ్‌లోనే కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. సీపీని రాసినవాళ్లు దాన్ని ఇప్పటికే బాగా పరీక్షించారు, ఆ టెస్టులు కూడా అందరూ చూసేలా ఉంచారు. నేను పరీక్షించింది సీపీని కాదు, సీపీ గురించి నాకున్న నమ్మకాన్ని. సీపీ మంచిదే, దాన్ని వాడిన నా లైను మంచిది కాదు. క్లౌడ్ అయినా అంతే. అప్‌లోడ్ చేసే స్క్రిప్ట్ ఎవరో నాలాంటి వాడే రాస్తాడు.

ఇంకో మాట కూడా అన్నారు, "మూడు గంటల ల్యాబ్‌లో అరవై మందికి ఇవన్నీ ఎవరు చూస్తార్రా?" అని. దీనికి నా జవాబు: అన్నీ వద్దు. రికార్డులో ప్రతి ప్రయోగం కింద ఒక్క ప్రశ్న చేర్చమందాం. "ఈ ప్రోగ్రామ్ ఎప్పుడు ఫెయిల్ అవుతుంది? అప్పుడు ఏం చెప్తుంది?" కాపీ ప్రయోగానికైతే నాలుగు పరీక్షలు చాలు. ఫైలు లేకపోవడం, అనుమతి లేకపోవడం, జాగా లేకపోవడం, ఆ పేరుతో ముందే ఇంకో ఫైలు ఉండటం. నాలుగూ కలిపి పది నిమిషాలు పట్టవు. మార్కుల్లో రెండు దానికి పెట్టమని హెచ్‌ఓడీ సార్‌ను అడగడానికి నేను సిద్ధం. నాతో వచ్చేవాళ్లు చెప్పండి.

యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్‌లో వచ్చింది. సీపీ, ఎమ్‌వీ అప్పటికే అందులో ఉన్నాయి. ఆ మాన్యువల్‌లో కమాండ్ల పేజీల చివర బగ్స్ అని ఒక విభాగం ఉంటుంది. మా కమాండ్‌లో ఈ లోపం ఉంది అని రాసినవాళ్లే అచ్చులో ఒప్పుకునే చోటు అది. మన ల్యాబ్ రికార్డులో ఎయిమ్ ఉంటుంది, ప్రొసీజర్ ఉంటుంది, చివర్లో రిజల్ట్ అని ఉంటుంది. ఆ రిజల్ట్ కింద మనమంతా ఒకే వాక్యం రాస్తాం, ప్రోగ్రామ్ విజయవంతంగా నడిచిందని. ప్రోగ్రామ్ నడవకముందే ఆ వాక్యం రాసి పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు.

ఆలోచిస్తే ఇది కంప్యూటర్ల దగ్గర ఆగేది కాదు. హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "ఎలా ఉన్నావురా, పరీక్షలు బాగా రాశావా" అంటుంది. లోపల ఏం విరిగినా మన ఎగ్జిట్ స్టేటస్ ఎప్పుడూ సున్నానే. నేను గ్రూపులో "ల్యాప్‌టాప్ పాడైంది" అన్నదీ అదే రకం. నా ల్యాబ్ ప్రోగ్రామ్‌ను తిట్టుకుంటూ కూర్చున్న మూడో రోజు నాకు ఆ సంగతి తట్టింది. అందుకే ఈ వ్యాసం ఆ ఒప్పుకోలుతో మొదలైంది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి చెప్పి ముగిస్తాను. చెరిపే కమాండ్ ముందు సెమికోలన్ పెట్టను, && మాత్రమే. ఎర్రర్ మెసేజ్‌లను బావిలో వేయను. పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియంలో చదివి, స్క్రీన్ మీద నాలుగు ఇంగ్లీష్ మాటలు చదవడానికి బద్ధకిస్తే ఇంకెందుకు? కాపీ అయ్యాక సీఎమ్‌పీ అనే కమాండ్‌తో రెండు ఫైళ్లనూ బైటు బైటుగా పోల్చి చూస్తాను. పెన్‌డ్రైవ్ అయితే సింక్ కొట్టి, సరిగ్గా ఎజెక్ట్ చేశాకే తీస్తాను. ఎందుకంటే సీపీ సున్నా ఇచ్చినా డేటా కొంతసేపు కంప్యూటర్ మెమరీలోనే ఉండొచ్చు, డ్రైవ్ దాకా వెళ్లి ఉండకపోవచ్చు. నాలుగు జీబీ దాటిన వీడియో ఉంటే ఫ్యాట్ 32 పెన్‌డ్రైవ్‌లో పట్టదని ముందే చూసుకుంటాను, ఎంత ఖాళీ ఉన్నా ఆ ఫార్మాట్‌లో ఒక్క ఫైలు అంతకు మించకూడదు. విండోస్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడి రోబోకాపీలో 1 వస్తే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని అర్థం, 8గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తేనే ఏదో చెడినట్టు. కాబట్టి ఏ టూల్ ఏ భాషలో నిజం చెప్తుందో దాని మాన్యువల్‌లో ఒకసారి చదువుకోవాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది, ఒప్పుకుంటాను. కానీ మీ చేతులు ఇంకా కాలలేదు కదా. ఈ రాత్రే మీ ల్యాబ్ ప్రోగ్రామ్ తీసి /డెవ్/ఫుల్‌లోకి కాపీ చేయమనండి. అదేమంటుందో చూడండి.

బాబాయ్ ఊరు ఏదో మెస్‌లో పాత వాళ్లను అడిగి కనుక్కున్నాను. సంక్రాంతి సెలవుల్లో వెళ్లి, నిజం చెప్పి, మళ్లీ ఒకసారి పాడమని అడుగుతాను. ఆయన పాడితే రికార్డింగ్ మూడు చోట్ల పెడతాను, మూడింటినీ పోల్చి చూస్తాను. ఆయన వద్దంటే, మన దగ్గర నాలుగు నిమిషాలు ఉన్నాయి. అవి ఎక్కడ ఆగిపోతాయో, ఎందుకు ఆగిపోతాయో ఇప్పుడు మీ అందరికీ తెలుసు.